ఇరవై ఎనిమిది అడుగుల కోత

నన్ను జహీరాబాద్ సబ్‌డివిజన్‌కు బదిలీ చేస్తూ ఉత్తర్వులు వచ్చింది ఒక ఏప్రిల్ నెలాఖరులో. హోదా డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, మా వాడుకలో డీఈఈ. కింద నలుగురు అసిస్టెంట్ ఇంజనీర్లు, అంటే ఏఈలు. పైన జిల్లా కేంద్రంలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈగారు. ప్రభుత్వ బడులు, హాస్టళ్లు, ఆఫీసులు కట్టించడం, కట్టినవి నిలబడేటట్టు చూసుకోవడం మా విభాగం పని. రిటైర్మెంటుకు నాలుగేళ్లే ఉంది కాబట్టి ఇదే చివరి పోస్టింగని నాకూ తెలుసు, నన్ను పంపినవాళ్లకూ తెలుసు.

మా ఆఫీసు ముంబై హైవేకు దగ్గర్లో ఉండేది. పొద్దున తాళం తీసేసరికి బల్లల మీద లారీల దుమ్ము ఒక పొర పేరుకుని ఉండేది. సీజనులో అల్లం బస్తాల ట్రాలీ ఒకటి గేటు ముందు ఆగిందంటే ఆ ఘాటు మధ్యాహ్నం దాకా గదిలో తిరిగేది. రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఆ దుమ్మూ ఆ ఘాటూ ఇంతగా గుర్తొస్తాయని అప్పుడు అనుకోలేదు.

చేరిన వారానికే ఒక ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. మొగుడంపల్లి వైపు ఒక ఊళ్లో ఆడపిల్లల హైస్కూలు. ఆరు గదులు వరుసగా, ముందు వరండా. పాతికేళ్ల కిందటి కట్టడం. ఎర్రరాతి గోడలు, పైన కాంక్రీటు స్లాబు. చివరి రెండు గదులు ఒకప్పటి మట్టి గుంతను పూడ్చిన చోట లేచాయి. ఆ పూడిక కుంగింది, గోడలు పగిలాయి, ఆరో గది మూలలో నా అరచేయి దూరేంత సందు పడింది. మొదటి నాలుగు గదులకు మాత్రం ఒక్క బీట కూడా లేదు.

ఫైలులో రెండు దారులు రాసి ఉన్నాయి. చెడ్డ రెండు గదులను విడగొట్టి తీసేసి, మంచి నాలుగింటిని కాపాడడం ఒకటి. అందులో ఏ కాస్త తేడా వచ్చి మంచి గదులు బీటలిచ్చినా మొత్తం బిల్డింగు పనికిరాదని రాసేసి, పిల్లలను ఏడు కిలోమీటర్ల అవతలి బడిలో కలపడం రెండోది. ఆ బడి హెడ్మాస్టరు సరోజిని మేడం నన్ను కలవడానికి ఆఫీసుకే వచ్చారు. ఆమె పెద్దగా మాట్లాడే మనిషి కాదు. "నలుగురిల ఇద్దరు బంద్ అయితరు సార్. బస్సు పొద్దుగాల ఒక్కటే ఉన్నది. ఆడపిల్లను ఆటోల పంపుడు ఎందుకని ఇంట్ల కూసోపెడ్తరు. జర సూడుండ్రి" అని మాత్రం అన్నారు. బడి తెరవడానికి ఐదు వారాలుంది.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పాలి. పొడుగాటి స్లాబు ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. అందుకని మధ్యలో ఒకచోట దాన్ని తెంపి, రెండు ముక్కలుగా పోస్తారు. మధ్యన అంగుళం సందు వదిలి, తారు పూసిన అట్ట పెడతారు. దాన్ని మేం జాయింటు అంటాం. ఈ బడి డ్రాయింగులో నాలుగో గదికీ ఐదో గదికీ మధ్య గోడ నెత్తిన జాయింటు చూపించారు. నిచ్చెన వేసుకుని పైకి ఎక్కి చూశాను. సరిగ్గా అక్కడే ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నల్లటి డాంబర్ గీత ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. స్లాబు అప్పటికే రెండు ముక్కలైతే కొత్తగా కోయాల్సిన పని లేదు. చెడ్డ ముక్కను పడగొట్టుకుంటూ పోతే మంచి ముక్కకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

పని చిన్నది. టెండరు పిలిచేంత మొత్తం కాదు. ఇలాంటి వాటికి స్థానిక కాంట్రాక్టర్ల దగ్గర మూడు కొటేషన్లు తీసుకుని, తక్కువ రాసినవాడికి ఇస్తాం. ఎక్కువ రాసినవాడికి ఇవ్వాలంటే కారణం ఫైలులో రాయాలి. ఆ కారణం ఈఈగారికి నచ్చాలి, ఆ తర్వాత ఆడిట్‌వాళ్లకు నచ్చాలి. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను అలాంటి కారణం రాసింది రెండు మూడు సార్లే.

మూడు కొటేషన్లలో ఒకటి హైదరాబాద్ నుంచి వచ్చింది. వజ్రపు తీగతో కాంక్రీటు కోసే పెద్ద సంస్థ. వాళ్లు రాసిన మొత్తం చూసి మా క్లర్కు దాన్ని మడిచి అట్టడుగున పెట్టాడు. రెండోది బస్వరాజ్‌ది. జహీరాబాద్‌లో రెండు జేసీబీలు, నాలుగు ట్రాలీలు ఉన్న మనిషి. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒకే వాక్యంలో మాట్లాడతాడు, మాట ఇస్తే నిలబెట్టుకుంటాడు. బడిని ఇటునుంచి ఒకసారి, అటునుంచి ఒకసారి చూసి, "ఫికర్ చెయ్యకుండ్రి సార్, రెండు దినాలల్ల సాఫ్ చేసి ఇస్త" అన్నాడు. తక్కువ రాసిందీ అతనే.

మూడోది దేవదానంది. యాభై దాటిన సన్నటి మనిషి. నీళ్ల పైపుల కోసం సిమెంటు రోడ్లను కోసే మిషన్ ఒకటి, కంప్రెషర్ బిగించిన పాత ట్రాక్టర్ ఒకటి అతని ఆస్తి. ఆ కోత మిషన్ చక్రం కాలిపోకుండా పైనుంచి నీళ్లు పడుతూ ఉండాలి. "ముందు దానికి నీళ్లు, ఎన్క దానికి డీజిల్, ఆఖరుకు నాకు చాయ" అని చెప్పుకునేవాడు. ఆదివారం మాత్రం ఎవరు పిలిచినా రాడు. చర్చికి తెల్ల చొక్కా వేసుకుని పోతాడు. బడి ఉన్న ఊరి చివరి వాడలోనే అతని ఇల్లు. చిన్న కూతురు ఆ బడిలోనే తొమ్మిదికి వచ్చింది.

అతని కొటేషన్ బస్వరాజ్ దానికంటే మూడో వంతు ఎక్కువ. ఎందుకని చూస్తే, ఒక పద్దు దగ్గర చూపు ఆగింది. 'నాలుగో గది దగ్గర స్లాబు కోత, ఇరవై ఎనిమిది అడుగులు.' గది ఇరవై, వరండా ఎనిమిది. అంటే అప్పటికే తెగి ఉన్న చోట మళ్లీ కోస్తానంటున్నాడు. ఆఫీసుకు పిలిపించి అడిగాను. అక్కడ జాయింటు ఉంది కదా, ఈ పద్దు కొట్టేస్తే నీ రేటు కూడా దారికి వస్తుంది కదా అన్నాను. అతను బల్ల మీది డ్రాయింగునే చూస్తూ నిలబడ్డాడు.

"కోయాలె సార్."

ఎందుకు కోయాలని అడిగాను.

"కోస్తె మంచిగుంటది" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క రాలేదు.

నాకు కోపం వచ్చింది. పని లేని చోట పని చూపించి బిల్లు పెంచేవాళ్లను సర్వీసంతా చూశాను. ఇతను ఆ బాపతు కాదని మా ఏఈ చెప్పినా వినలేదు. మంచివాడైతే కారణం చెప్పడానికి నోరు ఎందుకు పెగలదు అన్నాను. కొత్త చోట కాస్త గట్టిగా ఉండాలన్న యావ కూడా ఉండిందేమో, ఇప్పుడు ఒప్పుకుంటాను. బస్వరాజ్ పేరు మీద వర్క్ ఆర్డరు టైపు చేయించి, సంతకం సోమవారం పెడదామని పక్కన పెట్టాను.

శనివారం మధ్యాహ్నం మేడంకు ఆ సంగతి చెప్పి, జేసీబీ ఎటు నుంచి రావాలో గుర్తులు పెట్టడానికి బడికి వెళ్లాను. సెలవులు కాబట్టి ఆవరణంతా ఖాళీగా ఉంది. ఎండ నిప్పులు చెరుగుతోంది. మేడం వరండాలో కుర్చీ వేయించి మజ్జిగ ఇప్పించారు. గ్లాసు సగం తాగానో లేదో, దేవదానం సైకిల్ మోటార్ గేటు దగ్గర ఆపి లోపలికి వచ్చాడు. పని తనకు రాలేదని అప్పటికే తెలుసు. జహీరాబాద్‌లో వర్క్ ఆర్డరు టైపు మిషన్ నుంచి బయటపడకముందే చాయ హోటళ్లకు చేరుతుంది.

నాకు నమస్కారం పెట్టి, "పని ఎవరికన్న ఇయ్యుండ్రి సార్, నాకు కోపం లేదు. గని జేసీబీ పెట్టకుండ్రి" అన్నాడు.

పని పోయిన ఉక్రోషం అనుకున్నాను. వర్క్ ఆర్డరు అయిపోయింది, ఇక మాట్లాడేది లేదన్నాను. అతను కదలలేదు. అప్పుడు సరోజిని మేడం కలగజేసుకున్నారు. ఆమె గొంతు పెంచలేదు, పదేళ్లుగా ఆ వాడ పిల్లలందరినీ అడిగే తీరుగానే అడిగారు. "దేవదానం, నీ బిడ్డ గూడ గీ బల్లెనే సదువుతది. నీకు తెల్సింది ఏమన్న ఉంటె సార్‌కు చెప్పు. చెప్పకపోతె రేపు నువ్వే బాధపడ్తవ్."

అతను ఒకసారి ఆమెను, ఒకసారి నన్ను చూశాడు. "పైకి రాండ్రి సార్" అని నిచ్చెన తెచ్చి వేశాడు.

స్లాబు మీద చెప్పులతో నిలబడ్డా కాళ్లు కాలుతున్నాయి. దేవదానం చొక్కా జేబులోంచి ఇనుము కోసే రంపం బ్లేడు తీశాడు. డాంబర్ ఎండకు మెత్తబడి ఉంది. బ్లేడును గీతలో నిలువుగా గుచ్చాడు. నిజమైన జాయింటైతే అది స్లాబు మందం, అంటే ఐదు అంగుళాలూ దిగాలి. అంగుళం దిగి టక్కున ఆగింది. జానెడు దూరం జరిగి మళ్లీ గుచ్చాడు. అంగుళమే. బ్లేడు తీసుకుని నేను గుచ్చాను. వరండా చివరి దాకా నడుచుకుంటూ గుచ్చాను. ఎక్కడా అంగుళం దాటలేదు.

అది జాయింటు కాదు. స్లాబు పై గచ్చులో గీరిన గాడి. అందులో డాంబర్ నింపారు. కింద స్లాబు ఏకఖండంగా ఉంది, లోపలి ఇనుప సలాకలు ఈ గది నుంచి ఆ గదికి నేరుగా పోయాయి. సోమవారం జేసీబీ ఐదో గది స్లాబును పట్టి లాగి ఉంటే, ఆ సలాకలు నాలుగో గది స్లాబును వెంట ఈడ్చుకుపోయేవి. మూడో గది కూడా బీటలిచ్చేది. అప్పుడు బడి మీద 'పనికిరాదు' అని రాయాల్సిన చెయ్యి నాదే. 

"నీకెట్ల తెలుసు?" అని అడిగాను.

దేవదానం గీత పక్కన గొంతుక్కూర్చున్నాడు. "మా నాయిన పోసిన స్లాబు సార్ ఇది."

అతని తండ్రి యేసయ్య మేస్త్రి. అప్పటికి ఆయన పోయి ఆరేళ్లు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇల్లు కట్టేవాళ్లు 'యేసయ్య పోసిన స్లాబు' అని గర్వంగా చెప్పుకునేవాళ్లని తర్వాత నేనూ విన్నాను. బడి స్లాబు రోజున దేవదానం తండ్రి కిందే పనిచేశాడు. జరిగింది అక్కడే కూర్చుని చెప్పాడు.

మా వైపు స్లాబు పోసిన రోజు దావత్ చేస్తారు. స్లాబు పూర్తయి, ఆఖరు తట్ట పడ్డాకే ఆకులు వేస్తారు. సగం స్లాబుకు దావత్ ఉండదు. జాయింటు వదలాలంటే అక్కడ చెక్క బిగించి, ఒక సగం ఇవ్వాళ పోసి, రెండో సగం ఇంకో రోజు పోయాలి. అంటే రెండు రోజులు మిక్సర్ కిరాయి, రెండు రోజులు రెండు ఊళ్ల కూలీలు, రెండు దావత్‌లు. ఆ రోజు మధ్యాహ్నానికి నాలుగు గదులు పూర్తయ్యేసరికి వాన మబ్బు పట్టింది, కట్టెల పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది, వందమంది ఆకలితో ఉన్నారు. కాంట్రాక్టరు తొందరపెట్టాడు. యేసయ్య కాసేపు ఆకాశం చూసి, చెక్క తీసేయండన్నాడు. ఆరు గదులూ ఒకే ఊపున పోసేశారు. వారం తర్వాత ఇంజనీరు వస్తున్నాడని తెలిసి, కాంట్రాక్టరు చెప్పగా పై గచ్చులో గీత గీరి డాంబర్ నింపారు. ఇంజనీరు వచ్చాడు, నిచ్చెన మీద రెండు మెట్లు ఎక్కి, వరండా అంచున కనబడే నల్ల గీత కొస చూసి దిగాడు.

"మా నాయినకు అది ఆఖరు దాక గుచ్చుకున్నది సార్. సావుకు ముంగట గూడ, బల్లె మీద గీత ఉత్తదిరా అన్నడు. గట్లని నలుగురిల చెప్తె ఆయన పేరు పోతది. చెప్పకుంట కోసేస్తె అయిపాయె అనుకున్న. గందుకే కొటేషన్‌ల రాసిన." లేవబోతూ, "రిపోర్ట్‌ల మా నాయిన పేరు రాయకుండ్రి" అన్నాడు.

కొట్టేయమని నేను పట్టుబట్టిన పద్దు అది. ఆ మనిషి ముందు నాకు సిగ్గేసింది. ఆ మాట అక్కడే అనేశాను కూడా. అతను తల అడ్డంగా ఊపాడు. "మీకేం తెల్సు సార్, కాగితం మీద ఉన్నదే చూస్తరు" అన్నాడు. ఓదార్చడానికి అన్న మాటే, కానీ ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

సోమవారం పొద్దున ఈఈగారికి ఫోనులో చెప్పి, ఫైలులో కారణం రాశాను. 'పరిశీలనలో జాయింటు డ్రాయింగు ప్రకారం లేదని తేలింది. స్లాబును మిషన్‌తో కోసి విడదీయడం తప్పనిసరి. ఆ పనికి తగిన యంత్రం ఉన్న స్థానిక కాంట్రాక్టరు ఒక్కరే.' మేస్త్రి పేరు రాయలేదు. నిజానికి రాయాల్సిన అవసరమూ లేదు, ఒప్పందం కాంట్రాక్టరుతో కాబట్టి మేస్త్రులు మా కాగితాల్లో ఎక్కడా ఉండరు. బస్వరాజ్‌కు మాత్రం వర్క్ ఆర్డరు రద్దయిందని చెప్పించాను. ఎందుకో చెప్పలేదు. ఆ చెప్పకపోవడం వల్ల ఏమవుతుందో నాకు తట్టి ఉండాల్సింది.

పని సాగిన ఆ మూడు వారాలు నా ఉద్యోగంలో బాగా గడిచిన రోజుల్లో లెక్క. చాలావరకు బడి దగ్గరే గడిపాను. డీఈఈ స్థాయి మనిషి ఒక చిన్న కూల్చివేత దగ్గర రోజూ నిలబడడం మా శాఖలో ఆనవాయితీ కాదు, ఏఈ చూసుకుంటాడు. కానీ నాకు అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. దేవదానం ముందుగా నాలుగో గదిలోనూ ఐదో గదిలోనూ స్లాబు కింద వరుసగా ఇనుప జాకీలు బిగించాడు. తీసేసే ముక్క కింద జాకీలు అందరూ పెడతారు. ఉండిపోయే ముక్క కింద కూడా పెట్టినవాణ్ని అతన్నే చూశాను. తర్వాత గీత మీద కోయకుండా, తొమ్మిది అంగుళాలు అవతలికి జరిగి సుద్దతో కొత్త గీత కొట్టాడు. ఎందుకని అడిగితే, మధ్య గోడ నెత్తి మీద మిషన్ నడిపితే రాళ్లు కదులుతాయి, గోడ దాటాక కోస్తే గోడ మీద స్లాబు టోపీ పెట్టినట్టు అలాగే ఉంటుంది అన్నాడు. నా ఎస్టిమేటులో లేని ఆలోచన. డ్రాయింగు మీద ఎర్ర సిరాతో దిద్దుకున్నాను.

మధ్యాహ్నాలు మేడం ఇంటినుంచి జొన్నరొట్టెలు, ఆలుగడ్డ కూర వచ్చేవి. జహీరాబాద్ ఆలుగడ్డ రుచి వేరని నేనంటే, ఆకలి రుచి సార్ అని దేవదానం ఎకసెక్కం చేసేవాడు. పొద్దుటి నుంచి మోస్తున్న కూలీలు ముందు తినాలి, మిషన్ చూస్తూ నిలబడినవాళ్లు ఆఖర్న తినాలి అనేది అతని నియమం. నేను ఆఖరి వాళ్లలోనే ఉండేవాణ్ని.

కోత మొదలుపెట్టిన రోజు ఊరు సగం వచ్చింది. మిషన్ మోత, నీళ్లతో కలిసి బూడిద రంగు బురద కారుతోంది. పదకొండు గంటలప్పుడు బస్వరాజ్ కూడా వచ్చాడు. అతని కడుపు మంట న్యాయమైనదే, చేతికొచ్చిన పని కారణం చెప్పకుండా లాక్కున్నాం. మిషన్ ఆపిన గ్యాప్‌లో, నలుగురూ వినేటట్టుగా అన్నాడు. "జాయింట్ ఉన్నదని సర్కార్ కాగితాలల్ల ఉన్నది. తెగినదాన్ని మళ్ల కోస్తున్నరు. గీ కోత పైసలల్ల ఎవరెవరికి ఎంత వాటా ఉన్నదో జర చెప్పుండ్రి, మేం గూడ నేర్చుకుంటం."

జనం నా వైపు చూశారు. సర్వీసులో నేను పడని నింద లేదు గానీ, ఇది మాత్రం ఒప్పుకోలేకపోయాను.  నిజం చెబితే యేసయ్య పేరు చెప్పాలి, చెప్పకపోతే నా పేరు పోతుంది. నేను నోరు తెరవలేదు. అదేదో గొప్పతనం అని కాదు, ఏం మాట్లాడాలో తోచలేదంతే.

దేవదానం స్లాబు మీద నుంచి అంతా విన్నాడు. కిందికి దిగలేదు. మిషన్ పక్కకు జరిపి, గోడ లేని వరండా మీద నల్ల గీతతో సహా కోసిన చిన్న ముక్క ఒకటి గడ్డపారతో లేపి, అంచున నిలబెట్టి, బస్వరాజ్‌ను పేరు పెట్టి పిలిచాడు. గీతకు రెండు పక్కలా కాంక్రీటు అంచుల్లో, కోసిన సలాకల మొనలు ఎండకు కొత్త రూపాయి బిళ్లల్లా మెరుస్తున్నాయి.

"గివేంది చూడు పటేలా. సలాకలు. జాయింట్ ఉంటె సలాక ఉంటదా? గా నల్ల గీత ఉత్తది. మా నాయిన గీసిండు. యేసయ్య మేస్త్రి గీసిండు, నేను పక్కన నిలబడి డాంబర్ పోసిన. నువ్వు జేసీబీతోని లాగినుంటె ఆరు అర్రలు గూడ నీ మీద పడుతుండె. సార్‌కు మేమే చెప్పినం. సార్‌ను ఏమనకుండ్రి."

 వింటున్నవాళ్లలో సగం మంది ఇళ్ల స్లాబులు యేసయ్య పోసినవే. దేవదానం భార్య నీళ్ల డ్రమ్ము దగ్గర నిలబడి ఉంది. ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకోవడం చూశాను. అతను మిషన్ మళ్లీ స్టార్ట్ చేసుకున్నాడు. బస్వరాజ్ నిచ్చెన ఎక్కి, వేలితో ఆ సలాకలు తడిమి చూసి దిగాడు. నా దగ్గరికి వచ్చి, తప్పయిందని చెప్పడం రాక, "మలబాకు నా ట్రాలీలు పంపిస్త సార్, కిరాయి వద్దు" అన్నాడు. మలబా అంటే కూల్చిన శిథిలం. మరుసటి రోజు నుంచి రెండు ట్రాలీలు వచ్చాయి. ఆ మలబాతోనే బడి వెనక పల్లం పూడ్చి చదును చేశాం.

ఇరవై ఎనిమిది అడుగుల కోతకు రెండున్నర రోజులు పట్టింది. స్లాబును ముక్కలుగా కోసి, గొలుసు పుల్లీతో ఒక్కొక్కటే దింపారు. గోడలను మనుషులే పై వరుస నుంచి విప్పుకుంటూ వచ్చారు. బడి తెరిచే ముందు రోజు నేను, మేడం నాలుగు గదులూ తిరిగి చూశాం. సున్నం పొర కూడా రాలలేదు. బడి తెరిచిన రోజు దేవదానం కూతురు కొత్త పుస్తకాల సంచితో నాలుగో గదిలో కూర్చుని ఉంది.

ఇక్కడితో ఆపేస్తే నా జ్ఞాపకం నాకు అనుకూలంగా ఉంటుంది. కానీ ఆ బడి జాయింటును నిచ్చెన మీద రెండు మెట్లెక్కి చూసి దిగిన ఇంజనీరు ఎలాంటివాడో నాకు బాగా తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో రాయికోడ్ వైపు రెండేళ్లు నేనూ ఏఈగా చేశాను. స్లాబు దావత్‌లు తిన్నాను. జాయింట్లు కిందినుంచే చూశాను. మా పని కొలతలన్నీ రాసే పుస్తకాన్ని ఎం.బుక్ అంటారు. అందులో 'జాయింటు డ్రాయింగు ప్రకారం ఉంది' అని రాసి సంతకం పెట్టాను. తండ్రి పేరు ఊరి ముందు చెప్పిన మనిషిని చూశాక ఆ సంతకాలు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

ఒక వారం సెలవు పెట్టి, నేను సంతకం పెట్టిన జాయింట్లున్న మూడు కట్టడాలు చూసి వచ్చాను. దేవదానం దగ్గర ఒక రంపం బ్లేడు అడిగి తీసుకున్నాను. ఎందుకో చెప్పలేదు, అతనూ అడగలేదు. మొదటి రెండు చోట్ల బ్లేడు ఐదు అంగుళాలూ దిగింది. మూడోది ఒక హాస్టలు. అక్కడ అంగుళం దగ్గర ఆగింది. నాలుగైదు చోట్ల గుచ్చాను. ఆ నల్ల గీత పక్కన ఎండలో చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆ రోజే ఈఈగారికి లేఖ రాశాను. కట్టడం పేరు, జాయింటు లేదన్న విషయం, అప్పటి ఏఈ పేరు రాశాను. ఆ పేరు నాదే. రిటైర్మెంటు ముందు ఇదెందుకని ఆయన ఫోనులో నచ్చజెప్పబోయారు. లేఖ వెనక్కి తీసుకోలేదు. సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. సర్వీసు రిజిస్టరులో ఒక హెచ్చరిక రాశారు. హాస్టలు స్లాబుకు మరుసటి ఎండాకాలం జాయింటు కోయించారు. మూడు కొటేషన్లు పిలిచారు, పని దేవదానానికి వచ్చింది.

కూల్చే పనికి స్థానిక కాంట్రాక్టరును పెట్టుకునేటప్పుడు ఏం చూడాలని కొత్త ఇంజనీర్లు అప్పుడప్పుడు అడుగుతుంటారు. తక్కువ రాసినవాడి యంత్రాలు చూడండి, ఎక్కువ రాసినవాడిని పిలిచి ఏం చూసి రాశావో అడగండి, అతను చెప్పేదాకా ఆగండి అని చెబుతాను. నా వరకు ఇంకొకటి నేర్చుకున్నాను. మిగిలిన నాలుగేళ్లలో ఏఈల కొలతల మీద సంతకం పెట్టేటప్పుడు, నేను ఎక్కి చూడని స్లాబు దగ్గర 'చూడలేదు' అని రాశాను. ముప్పై ఏళ్ల నా ఎం.బుక్కుల్లో ఆ మాట కనిపించేది ఆ నాలుగేళ్లలోనే.